గేటు కాడ లడ్డూలు

పోయినవారం మనం రేఖను వాళ్ల ఇంటి గడపలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. ఎదురుగా యాదన్న నిలబడి ఉన్నాడు. అతని చేతిలో పాత పేపరులో చుట్టిన లడ్డూ ఒకటి ఉంది. మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం సంగతి క్లుప్తంగా చెప్పాలి. లా చదివి సంగారెడ్డి కోర్టులో జూనియరుగా తిరుగుతున్న రేఖకు ఎల్‌ఎల్‌ఎంలో సీటు వచ్చింది. ఆ వాడకట్టులో ఆడపిల్లలే కాదు, మగపిల్లలు కూడా అంత దూరం చదివింది లేదు. ఆ సంతోషం పట్టలేక వాళ్ల నాయిన బాలరాజ్, జిన్నారం దగ్గరి మందుల కంపెనీలో యూనియన్ ప్రెసిడెంటు, గేటు ముందు సమ్మె టెంటు కింద కూర్చున్న తన మనుషులకు లడ్డూలు పంచాడు. లడ్డూలు అయిపోయేలోగా టెంటు తాళ్లు విప్పేశారు. సమ్మె ఆగిపోయింది.

లడ్డూ తింటే సమ్మె ఎందుకు ఆగుతుందని మీరు అడగవచ్చు. ఆ కంపెనీలో పనిచేసినవాళ్లెవరూ అడగరు. అక్కడొక ఆనవాయితీ ఉంది. యాజమాన్యంతో మాట కుదిరిన రోజున యూనియన్ ప్రెసిడెంటు గేటు దగ్గర నిలబడి తన చేత్తో లడ్డూలు పంచుతాడు. ఒప్పందం కాగితాల మీద ఏం రాశారో చదివేవాళ్లు తక్కువ, చదివి అర్థం చేసుకునేవాళ్లు ఇంకా తక్కువ. లడ్డూ చేతికొస్తే మాత్రం పని అయిపోయినట్టే. పెళ్లి కుదిరిందనో కొడుకు పుట్టాడనో స్వీట్లు పంచుకునేవాళ్లు లోపల క్యాంటీనులో పంచుకుంటారు. గేటు జోలికి ఎవరూ రారు. గేటు దగ్గర, ప్రెసిడెంటు చేతి మీదుగా, అదీ సమ్మె నడుస్తున్నప్పుడు లడ్డూ వచ్చిందంటే దానికి ఇంకో అర్థం ఆ చుట్టుపక్కల ఎవరికీ తట్టదు.

ఆ సమ్మె కాంట్రాక్టు పనివాళ్ల కోసం. ఘాటు పీల్చలేక ఒక బ్లాకులో పని చేయబోమన్నందుకు వాళ్లను బయట పెట్టారు. వాళ్లను లోపలికి తీసుకునేదాకా పర్మనెంటు వాళ్లు కూడా పనిలోకి రామని కూర్చున్నారు. ఇప్పుడేమైంది? లడ్డూ చేతికి రాగానే బీ షిఫ్టు పర్మనెంటు వాళ్లు నవ్వుకుంటూ లోపలికి పోయారు. కాంట్రాక్టు వాళ్లు రేపటి నుంచి పని అనుకుని ఇళ్లకు పోయారు. తెల్లారి గేటు దగ్గరికి వస్తే గేటు తెరవలేదు. ఎవరూ ఏ ఒప్పందం చేసుకోలేదని అప్పుడు తెలిసింది. సమ్మె మీరే ఆపేశారు కదా, ఇక మాటలెందుకన్నాడు మేనేజరు. మళ్లీ కూర్చోవాలంటే కొత్తగా నోటీసు ఇవ్వాలి, గడువు దాకా ఆగాలి. ఒకసారి పనిలోకి పోయినవాళ్లు మళ్లీ బయటికి వస్తారన్న నమ్మకమూ లేదు.

యాదన్న ఆ బయట మిగిలినవాళ్లలో ఒకడు. బాలరాజ్‌తో కలిసి పెరిగినవాడు, యూనియన్ జెండా మొదటిరోజు నుంచి మోసినవాడు. ఏళ్ల తరబడి డ్రమ్ములు దొర్లించి అరచేతులు మొద్దుబారిపోయాయి. ఆ చేత్తోనే లడ్డూను మెల్లగా స్టూలు మీద పెట్టాడు.

"నేను తినలే బిడ్డా" అన్నాడు. "గేటు లోపలికి పోయినంక తిందామని దాచిన. నా లెక్కనే శానమంది దాసుకున్నరు. పొద్దుగూకెటాళ్లకు అందరం వస్తం. మీ నాయిన ముంగట పెట్టిపోతం."

లడ్డూ వాపసు ఇవ్వడమన్నది ఇంతకుముందు ఎన్నడూ జరగలేదు. జరిగితే దాని అర్థం ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. బాలరాజ్ ఇక ప్రెసిడెంటు కాదు. అది పోతే పోయింది, వాడకట్టులో తలెత్తుకుని తిరిగే మనిషి కూడా కాడు. లోపల వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న వాళ్లమ్మ పోశమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది, మళ్లీ కదిలింది.

వాడకట్టులో ఏమనుకుంటున్నారో యాదన్న దాచుకోకుండా చెప్పాడు. బిడ్డకు పెద్ద చదువు సీటు కంపెనీ వాళ్లే ఇప్పించారట. అందుకు బదులుగా బాలరాజ్ సమ్మెను అమ్ముకున్నాడట. రేఖకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. పరీక్ష రాస్తే ర్యాంకు వచ్చిందనీ, ర్యాంకును బట్టి సీటు వచ్చిందనీ, కంపెనీ చేతిలో ఏమీ లేదనీ గబగబా చెప్పింది. యాదన్న అంతా విన్నాడు.

"నాకు ఎర్కనే బిడ్డా. దీపం కింద నువ్వు సదువుతుంటే నేను సూడలేదా? నువ్వు రాసినవ్, సీటొచ్చింది. గది సరే. మరి లడ్డు గేటు కాడ ఎందుకు పంచిండు? వాడకట్టుల పంచొచ్చు గద?"

యాదన్న ఇంకాసేపు చూసి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ పిల్ల స్టూలు పక్కనే కూలబడింది. తలలో అంతా కలగాపులగంగా ఉంది. లా పుస్తకంలో ఒప్పందం గురించి చదివిన మొదటి పాఠం గుర్తొచ్చింది. ఇద్దరు మనుషులు ఒకే సంగతిని ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే అది ఒప్పందం. ఇక్కడ పంచినవాడు బిడ్డ సీటు అనుకుని పంచాడు, తిన్నవాళ్లు సమ్మె తేలిపోయిందనుకుని తిన్నారు. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే ఒప్పందం లేదని రాసి మార్కులన్నీ కొట్టేసేది. కానీ ఒప్పందం లేకపోయినా గేటు మాత్రం మూసుకుపోయింది. దీనికి ఏ పేజీలో జవాబు ఉందో ఆమెకు తెలియలేదు.

దీనికి తోడు ఇంకో గండం. రేపు సాయంత్రంలోగా హైదరాబాదు పోయి కాలేజీలో చేరాలి, చదవబోయేది పన్నుల చట్టమా వ్యాపార చట్టమా ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. రేఖ సీనియరు వెంకటేశం సార్‌ది పన్నుల ప్రాక్టీసు. పటాన్‌చెరు నుంచి జిన్నారం దాకా ఉన్న కంపెనీల్లో సగం ఆయన దగ్గరికే వస్తాయి. పన్నులే తీసుకో, నా తరువాత ఈ కుర్చీ నీదే అని ఆయన ముందే చెప్పాడు. ఈ పొద్దున ఆఫీసుకు పోతే మళ్లీ అదే మాట అన్నాడు. రేఖ వింటున్నట్టు తల ఊపింది గానీ చూపు కిటికీ మీద ఉంది. అక్కడ వాళ్ల ఇంటి స్టీలు డబ్బా ఒకటి కనిపించింది. మూత మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన అమ్మ పేరు కూడా కనిపించింది. ఎప్పుడో తానే అన్నం తెచ్చుకుని మరిచిపోయి ఉంటుందనుకుంది. పట్టించుకునే స్థితిలో లేదు.

ఆమె మనసు మాత్రం వ్యాపార చట్టం మీదే ఉంది. కారణం చెబితే నవ్వుతారు. కంపెనీ అనేది చట్టం దృష్టిలో ఒక మనిషి అన్న ముక్క చదివిన రోజు నుంచి ఆమెకు అదొక పిచ్చి పట్టుకుంది. పుట్టిన దగ్గర నుంచి ఆ పొగ గొట్టాలు చూస్తూ పెరిగిన పిల్ల. ఆ మనిషి ఎవరో, ఎట్లా బతుకుతాడో, ఎట్లా పట్టుకోవాలో తెలుసుకోవాలని. సీటు వచ్చిన రోజున ఇదంతా అమ్మకు వివరించబోయింది.

"మనిషా? మనిషైతే తింటదా, పంటదా?" అంది పోశమ్మ.

తినదనీ పడుకోదనీ, అయినా దానికి సొంత పేరు, సొంత ఆస్తి ఉంటాయనీ, కోర్టుకు ఎక్కుతుందనీ, దాన్ని కూడా కోర్టుకు ఈడ్చవచ్చనీ, యజమానులు పోయినా అది చావదనీ రేఖ ఓపిగ్గా చెప్పింది.

"సావు లేనిదానితోని మీ నాయిన కొట్లాడుడేంది బిడ్డా" అంది పోశమ్మ అంతా విని. "మీ నాయినకు సావున్నది గద."

అప్పుడు రేఖ పెద్దగా నవ్వింది. అమ్మ మాటలు వెంకటేశం సార్‌కు చెబితే ఆయనా నవ్వాడు. ఇవాళ ఆ మాట గుర్తొస్తే నవ్వు రాలేదు. నాయిన దగ్గు గుర్తొచ్చింది. టెంటు కింద కూర్చున్నన్ని రోజులూ ఆ దగ్గు ఎక్కువైంది. వెలిమెలలో కొత్త విల్లాల తోటపనికి పోయే పోశమ్మ, పని అయ్యాక ఇంటికి రాకుండా రెండు బస్సులు మారి ఆ టెంటు దగ్గరికి అన్నం, దగ్గు మందు సీసా మోసుకుపోయేది.

రేఖ ఒక నిర్ణయానికి వచ్చింది. నాయిన నిజంగా అమ్ముడుపోయి ఉంటే ఆ సీటు తనకు వద్దు. పన్నులూ వద్దు, వ్యాపారమూ వద్దు. అమ్ముడుపోకపోతే, పొద్దుగూకేలోగా ఆ మాట వాడకట్టుకు చెప్పి నమ్మించాలి. ముందు అసలు సంగతి నాయిన నోటి నుంచి వినాలి.

బాలరాజ్ పొద్దుటి షిఫ్టు ముగించుకుని వచ్చాడు. ఎప్పటిలాగే ఇంట్లోకి రాలేదు. మందుల వాసన ఇంట్లోకి రాకూడదని బయట గోడకు ఒక మేకు కొట్టుకున్నాడు. అంగీ విప్పి దానికి తగిలించి నల్లా దగ్గర కూర్చుని మోచేతుల దాకా కడుక్కున్నాడు. తుడుచుకుంటూ తల తిప్పితే స్టూలు మీద పొట్లం కనిపించింది. తుడుచుకోవడం ఆపేశాడు.

"యాదన్న అచ్చిండా?" అన్నాడు.

వచ్చాడని, సాయంత్రం అందరూ వస్తారని రేఖ చెప్పింది. బాలరాజ్ నల్లా దగ్గరి రాయి మీద కూర్చుండిపోయాడు. ఇంతకుముందు మేనేజరు ముందు కూర్చున్నా, కలెక్టరు ఆఫీసు మెట్ల మీద కూర్చున్నా నిటారుగా కూర్చునే మనిషి. ఇప్పుడు వీపు వంగిపోయింది. చూస్తే జాలేసింది గానీ రేఖ జాలిని పక్కకు నెట్టింది. కోర్టులో అడిగినట్టు సూటిగా అడిగింది.

"గేటు కాడ లడ్డంటే ఏందో నీకు తెల్వదా నాయినా?"

"తెల్వకుంటెట్ల? ఎన్నిసార్లు పంచలే నేను."

"మరి?"

బాలరాజ్ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. బిడ్డకు సీటు వచ్చిందన్న ఫోను టెంటు కిందే అందింది. ఆ సంతోషంలో తాను ప్రెసిడెంటునన్న సంగతే మరిచిపోయాడు. తెల్లారి ఇంకో ఫోను వచ్చింది, వెంకటేశం సార్ నుంచి. సార్ తన బిడ్డను సంగారెడ్డిలో కూర్చోబెట్టి పని నేర్పిస్తున్న పెద్దమనిషి. ఆయన అంతటివాడు తనకు ఫోను చేశాడన్నదే పెద్ద సంబరం. నీ మనుషులంతా గేటు దగ్గరే ఉన్నారు కదా, వాళ్ల నోరు తీపి చేయకుండా ఇంట్లో పంచుకుంటావా అని ఆయన అన్నాడు. అవును కదా అనిపించింది. మధ్యాహ్నం అయ్యేసరికి ఆటోలో లడ్డూల డబ్బాలు వచ్చాయి. అవి కూడా సారే పంపాడు.

ఆ కంపెనీ పన్నులు చూసేది కూడా వెంకటేశం సారే. ఆ సంగతి బాలరాజ్‌కు తెలుసో లేదో ఆమెకు తెలియదు, అడగలేదు. పన్నులే తీసుకో, ఈ కుర్చీ నీదే అన్న మాట చెవిలో ఇంకోలా మోగింది. తన సీటును ఎరగా వేసి సమ్మెను పట్టుకున్నది తన గురువేనా? ఒక క్షణం అవుననిపించింది. ఇంకో క్షణం, పండగపూట తనకు చీర పెట్టిన మనిషి అంత పని చేస్తాడా అనిపించింది. కానీ ఇంకో ప్రశ్న మిగిలి ఉంది. అది అడగకుండా ఉండలేకపోయింది.

"సరే, మరిచిపోయినవ్. వాళ్లు టెంటు తాళ్లు ఇప్పుతుంటే కండ్లతోని సూసినవ్ గద. ఎందుకు ఆపలే?"

"ఒర్రిన. ఒప్పందం కాలేదురా, నా బిడ్డకు సీటొచ్చిందిరా అని ఒర్రిన. గప్పుడే సైరను మోగింది. ఎవలకు ఇనవడలే."

"మల్ల ఒర్రలేదా?"

బాలరాజ్ తువ్వాలును చేతిలో మెలిపెట్టాడు. "మల్ల ఒర్రలే."

"ఎందుకు?"

"ఎర్క లేదు బిడ్డా. ఒట్టు, నాకే ఎర్క లేదు. దగ్గొచ్చింది, కాళ్లు గుంజినయి. వాళ్లంత నవ్వుకుంట లోపలికి పోతున్నరు. ఎన్ని దినాలాయె వాళ్ల మొకాలల్ల నవ్వు సూసి. ఒక్క గడియ ఆగి చెప్దామనుకున్న. నేను ఆగెవరకు గేటు పడ్డది."

పోశమ్మ చిక్కుడుకాయలు పక్కన పెట్టి లేచింది. నీళ్ల చెంబు తెచ్చి ఆయన ముందు పెట్టి, మళ్లీ తన చోటుకు పోయి కూర్చుంది. రేఖకు నాయిన మీద అరవాలనీ ఉంది, ఆయన వీపు నిమరాలనీ ఉంది. అమ్ముకోలేదు, అది నిజం. ఆపలేదు, అదీ నిజం. మౌనంగా ఉన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని పుస్తకం చెబుతుంది. ఆ పుస్తకం రాసినవాళ్లు ఎన్నడూ గేటు ముందు అలసిపోయి నిలబడి ఉండరు. యాదన్నకు ఏమని చెప్పాలి? మా నాయిన మిమ్మల్ని అమ్మలేదు, ఒక్క గడియ ఆగాడంతే అని చెబితే, గేటు బయట ఉన్నవాడికి ఆ రెంటికీ తేడా ఏముంది?

తేడా ఉండాలంటే ఒకటే దారి ఉంది. లడ్డూలు పంపించింది వేరే మనిషి, కంపెనీ మనిషి అని రుజువు కావాలి. అప్పుడు నాయిన మోసపోయినవాడు అవుతాడు, మోసం చేసినవాడు కాడు. అందుకు తన గురువును, తనకు కుర్చీ ఇస్తానన్న మనిషిని వాడకట్టు ముందు దొంగగా నిలబెట్టాలి. రేఖ ఫోను తీసింది. ఎండ పలచబడింది. వాడకట్టు మలుపులో మనుషులు గుమికూడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

వెంకటేశం సార్ హుషారుగా పలికాడు. ఏది తేల్చుకున్నావు, పన్నులేనా అని అడిగాడు.

"సార్, లడ్డూలు మీరే పంపిన్రా?"

"పంపిన. మంచిగున్నయా?"

"కంపెనోళ్లు పంపమన్నరా సార్?"

ఈసారి వచ్చిన గొంతులో హుషారు లేదు. సార్‌కు కోపం రావడం రేఖ చూసింది, మనసు నొచ్చుకోవడం ఇదే మొదటిసారి వినడం.

"రేఖా, నేను వాళ్ల పన్నులు చూస్తా. వాళ్ల పాపాలు చూడను. ఇన్ని రోజులు నా దగ్గర కూర్చొని నువ్వు నేర్చుకున్నది గిదేనా?"

రేఖ తడబడింది. గేటు దగ్గర లడ్డూ పంచితే ఆ కంపెనీలో ఏమని అర్థమో, ఆ లడ్డూల వల్ల ఎంతమంది రోడ్డున పడ్డారో తోచినట్టు చెప్పింది. వెంకటేశం సార్ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. ఆయన నిజంగానే ఇప్పుడే వింటున్నట్టుంది.

"నాకేం తెలుసమ్మా గట్లనని. అడిగినోళ్లు అదేం చెప్పలే. బిడ్డకు సీటొచ్చింది సార్, ఆయన మా మాట ఇనడు, మీరు చెప్తే ఇంటడు, గేటు కాడనే పంచమనుండ్రి అన్నరు. ముచ్చటేసి నేనే డబ్బాలు తెప్పించి పంపిన."

"ఎవరు సార్ అడిగింది?"

ఆయన చెప్పాలా వద్దా అన్నట్టు గొంతు సవరించుకున్నాడు. చివరికి పేరు చెప్పలేదు.

"ఈసారి వచ్చినప్పుడు మీ డబ్బా తీసుకపో. చిక్కుడుకాయలు లేతగ ఉండె, మా ఇంట్ల అందరు మెచ్చుకున్నరని చెప్పు" అని ఫోను పెట్టేశాడు.

రేఖ ఫోను చెవి దగ్గర అట్లాగే పట్టుకుని ఉండిపోయింది. కిటికీలో డబ్బా, మూత మీద చుక్కల్లో చెక్కిన పేరు. మెల్లగా తల తిప్పింది. వంటింటి గడప దగ్గర పోశమ్మ చిక్కుడుకాయ ఈనె తీస్తోంది. కంచంలో కాయలు ఎప్పుడో అయిపోయాయి. తీసిన కాయనే మళ్లీ తీసి చేతిలో తిప్పుతోంది.

ఇక అడగవలసింది ఏమీ లేదు. అయినా రేఖ అడిగింది. మనసు ఒప్పుకోనప్పుడు మనిషి తెలిసిందే మళ్లీ అడుగుతాడు.

"గేటు కాడ లడ్డంటే ఏందో నీకు ఎర్క లేదా అమ్మా?"

"ఎర్క లేకుంటే గేటు కాడనే పంచమని ఎందుకు చెప్పిస్త?" అంది పోశమ్మ తల ఎత్తకుండా. గొంతులో భయం లేదు, గర్వమూ లేదు. "రాత్రిళ్లు దగ్గి దగ్గి నెత్తురు పడుతున్నది. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నడు, పరీక్షలున్నయని. టెంటు కిందికెల్లి లేవమంటే లేవడాయె. అందరు లేస్తెనే లేస్తడు మీ నాయిన. అందరిని లేపెతందుకు నాకు ఇంకో తొవ్వ దొరకలే."

నల్లా దగ్గర చెంబు దొర్లిన చప్పుడైంది. బాలరాజ్ లేచి నిలబడి ఉన్నాడు. అతను భార్య వైపు చూడటం లేదు, వాకిట్లోకి చూస్తున్నాడు. రేఖ కూడా అటు చూసింది. తడిక తోసుకుని యాదన్న లోపలికి వచ్చి ఉన్నాడు. అతని వెనుక, అతనితో పాటే గేటు బయట పడ్డ మొగులమ్మ కొంగులో మూటతో, ఆమె వెనుక చేతుల్లో పేపరు పొట్లాలతో ఇంకా చాలామంది. ఎప్పుడు వచ్చారో, ఎంత విన్నారో తెలియదు. చివరి మాట మాత్రం విన్నట్టే ఉంది.

యాదన్న బాలరాజ్‌ను దాటుకుని వచ్చి గడప ముందు ఆగాడు.

"వదినా, గా మాట ఇంకోసారి చెప్పు" అన్నాడు.

పోశమ్మ కంచం కింద పెట్టి లేవబోయింది. అంతలో బాలరాజ్ అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. నిటారుగా, మేనేజరు ముందు నిలబడినట్టే నిలబడ్డాడు.

"దానికేం ఎర్క లేదు యాదన్నా. లడ్లు తెప్పించింది నేనే. నా పానం బాగలేక, నా చేతకాక, ఎర్కుండే చేసిన. పెట్టుండ్రి, ఏడ పెడ్తరో పెట్టుండ్రి."

ఎవరూ ముందుకు కదలలేదు. యాదన్న మొగుడి ముఖం చూశాడు, పెళ్లాం ముఖం చూశాడు. ఆ ఇంట్లో అన్నం తిని పెరిగినవాడు, ఎవరి అబద్ధం ఎట్లా ఉంటుందో ఎంతో కొంత తెలిసినవాడు. కానీ ఇప్పుడు తేల్చుకోలేకపోయాడు. తిరిగి రేఖ వైపు చూశాడు. వాకిట్లో ఉన్నవాళ్లంతా అటే చూశారు.

"మా అందరిల సదువుకున్నదానివి నువ్వొక్కదానివే బిడ్డా. రేపు మా కేసు కోర్టుల నిలబడి చెప్పాల్సిందానివి" అన్నాడు. "ఇద్దరిల ఎవలో ఒకలు నిజం చెప్తున్నరు. ఎవలు?"

అమ్మ కళ్లు చెప్పమంటున్నాయి. నాయిన కళ్లు వద్దంటున్నాయి. నిజం చెబితే వాడకట్టు ఆడవాళ్లు అమ్మ ముఖం చూడరు, నాయిన దాచుకున్న జబ్బు సంగతి గేటు లోపల మేనేజరు దాకా పోతుంది. అబద్ధం చెబితే, రేపు ఏ చట్టం చదవడానికి బస్సెక్కాలి? స్టూలు మీద యాదన్న పెట్టిపోయిన లడ్డూకు చీమలు పట్టాయి. రేఖ లేచి నిలబడింది. ఏం చెప్పబోతోందో నోరు తెరిచేదాకా ఆ పిల్లకే తెలియదు.